సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలి: ఒక నర్సింగ్ విద్యార్థిని కేసు

ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి అనుమతి తీసుకున్నాను. అది కూడా చివరి సెమిస్టర్ ఫలితాలు వచ్చి, సర్టిఫికెట్లన్నీ ఆమె చేతికి అందాకే అడిగాను. అంతకుముందు అడిగి ఉంటే "సరే మేడం" అనే అనేది. మార్కులు వేసే మనిషి అడిగితే కాదనగల విద్యార్థులు ఎంతమంది ఉంటారు? గుర్తుపట్టే వీలు లేకుండా వార్డు, కుటుంబం, కొన్ని సందర్భాలు మార్చాను. వైద్యానికి సంబంధించిన వివరాలు, మేం తీసుకున్న నిర్ణయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

నేను బీఎస్సీ నర్సింగ్ కాలేజీలో క్లినికల్ పోస్టింగులు చూసే అధ్యాపకురాలిని. ఆమె అప్పుడు రెండో సంవత్సరం. వ్యవసాయ కూలీల ఇంటి నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి. ఇంటర్ వరకూ తెలుగు మీడియం. వార్డులో పని చురుగ్గా చేసేది, రోగుల పక్కన కూర్చుని ఓపిగ్గా మాట్లాడేది. కేస్ ప్రెజెంటేషన్ ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం గొంతు పట్టేసేది.

విద్యార్థి మీద మాకున్న అధికారం ఎంతటిదో ముందు చెప్పాలి. అది తెలియకపోతే ఆమె ఎందుకు అలా ప్రవర్తించిందో అర్థం కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో నోటిఫై చేసిన సిలబస్ ప్రకారం థియరీ పేపర్లో 100కి 25 మార్కులు ఇంటర్నల్. ప్రాక్టికల్‌లోనైతే సగం మార్కులు కాలేజీ చేతిలోనే ఉంటాయి. డిగ్రీ రావాలంటే క్లినికల్ హాజరు నూటికి నూరు శాతం ఉండాలి. ఒక్క రోజు డ్యూటీ పోయినా తర్వాత చేసి తీరాలి. లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేది, క్లినికల్ మార్కులు వేసేది, సెలవు మంజూరు చేసేది, తల్లిదండ్రులకు ఫోన్ చేసేది అన్నీ ఆ నలుగురైదుగురు టీచర్లే. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లకు వాళ్లను కాదని వెళ్లే దారి ఇంకొకటి లేదు.

ఆ వారం మొదట్లోనే అదే వార్డులో ఒక సంఘటన జరిగింది. వేరే విద్యార్థిని మందు మోతాదు లెక్క తప్పుగా రాస్తే, ట్యూటర్ రోగుల ఎదుటే ఆమె రికార్డు పుస్తకాన్ని మంచం మీదకు విసిరి, "నీలాంటి వాళ్ల చేతుల్లో పడితే పేషెంట్లు బతుకుతారా?" అని గట్టిగా అరిచింది. మన కేసు అమ్మాయి ఆ పక్క మంచం దగ్గర బీపీ చూస్తోంది.

సమస్య మా దాకా వచ్చిన తీరు

ఒక బుధవారం రాత్రి నాకు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పంపింది ఆమె రూమ్‌మేట్. "మేడం, ఒక అమ్మాయికి వార్డులో సూది గుచ్చుకుంది. పేరు చెప్పను, తిట్టకండి. ఏం చేయాలి?"

అప్పుడు తీసుకోవాల్సిన మొదటి నిర్ణయం పేరు అడగాలా వద్దా అన్నది. అడగాలని చేతివేళ్ల దాకా వస్తుంది. కానీ పేరు అడిగితే ఆ తలుపు మూసుకుంటుందని అనిపించింది. గడియారం మాత్రం ఆగదు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు, అంటే పెప్, వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఇస్తే ఉపయోగం ఉంటుందని చెప్పలేం. కాబట్టి ముందు కావాల్సింది గుచ్చుకున్న సమయం. "పేరు నాకొద్దమ్మా. ఎప్పుడు గుచ్చుకుంది? ఏ పని చేస్తుండగా? ఇంకా టైముంది, మందు ఉంది. ఇప్పుడే వస్తానంటే నేను హాస్టల్ దగ్గరికి వస్తాను, ఎవరూ ఏమీ అనరు" అని రాశాను. కాసేపటికి జవాబొచ్చింది. మంగళవారం పొద్దున, రక్తం తీసిన సిరంజికి మూత పెడుతుండగా. అంటే అప్పటికే దాదాపు 37 గంటలు. ఆ తర్వాత ఇంకో మెసేజ్: "మేడం అది నేను కాదు, మా రూమ్‌మేట్. తను వస్తానంటోంది."

ఆ అమ్మాయి రోగి దగ్గర రక్తం తీసి, శాంపిల్ ట్యూబులో పోసి, సూదికి రెండు చేతులతో మూత పెట్టబోయింది. మూత పక్కనుంచి సూది జారి ఎడమ చూపుడువేలి కొసలోకి దిగింది. గ్లవ్ తీసి చూస్తే రక్తం. కుళాయి కింద వేలు పెట్టి గట్టిగా పిండింది, స్పిరిట్ పూసింది, ప్లాస్టర్ చుట్టి కొత్త గ్లవ్ వేసుకుని మిగతా డ్యూటీ పూర్తి చేసింది. నిజానికి పిండకూడదు, స్పిరిట్ పూయకూడదు. సబ్బు, నీళ్లతో కడిగితే చాలు. ఆ పాఠం మొదటి సంవత్సరంలోనే చెప్పాం, పరీక్షలో ఆమె రాసింది కూడా.

ఆ రాత్రి చేసింది

పొద్దున్నే ఓపీలో చూపిద్దామా, ఇప్పుడే క్యాజువాలిటీకి వెళ్దామా అన్న ప్రశ్నకు ఆలోచించాల్సింది ఏమీ లేదు. ఆలస్యమయ్యే ప్రతి గంటా ఆమెకే నష్టం. చిక్కంతా హాస్టల్ గేటు దగ్గరే. రాత్రివేళ అవుట్‌పాస్ కావాలంటే రిజిస్టరులో కారణం రాయాలి. ఆ రిజిస్టరు అందరూ తిరగేస్తారు. అబద్ధం రాయడం నాకిష్టం లేదు, నిజం రాస్తే ఆమె గుట్టు బయటపడుతుంది. "ఆరోగ్య కారణం, ఫ్యాకల్టీతో ఆసుపత్రికి" అని రాసి నా సంతకం పెట్టాను. వార్డెన్ ఏం జరిగిందని అడిగితే "ఆ అమ్మాయి చెప్పమంటే రేపు చెప్తాను" అన్నాను.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ పెప్ మొదటి మోతాదుగా టీఎల్‌డీ మాత్ర (మూడు హెచ్‌ఐవీ మందులు కలిసినది) ఇచ్చారు. మర్నాడు ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో, కౌన్సెలింగ్, ఆమె అనుమతితో బేస్‌లైన్ (తర్వాతి ఫలితాలతో పోల్చుకోవడానికి ముందుగా చేసే) రక్తపరీక్షలు జరిగాయి. ఆ రోగి కేస్ షీట్ తెరిచి చూడటానికి నాకు దారి ఉంది, కానీ తెరవలేదు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017 ప్రకారం రోగి స్థితి ఆయన సొంత విషయం. నా విద్యార్థిని కాపాడాలన్న ఆరాటం నాకు ఆ హక్కు ఇవ్వదు. చికిత్స చేస్తున్న డాక్టరే వెళ్లి విషయం చెప్పి పరీక్షకు అనుమతి అడిగారు. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. "ఆ పాప బాగుందా?" అని అడిగాడట. ఫలితాలు ఆ సాయంత్రానికి వచ్చాయి. హెచ్‌ఐవీ నెగెటివ్, హెపటైటిస్-సి నెగెటివ్, హెపటైటిస్-బి పాజిటివ్.

దాంతో కేసు మలుపు తిరిగింది. జబ్బు ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం వెయ్యికి మూడు. రక్షణ లేని మనిషికి హెపటైటిస్-బి సోకే అవకాశం మాత్రం నూటికి 6 నుంచి 30 దాకా ఉంటుంది. అందరికీ మొదటిదంటే వణుకు, రెండోది పట్టదు. ఆమెకు కాలేజీలో చేరినప్పుడు హెపటైటిస్-బి టీకా రెండు డోసులు పడ్డాయి. ఆరో నెలలో వేయాల్సిన మూడోది పడలేదు. ఆ నెలలో ఆమె సెలవుల్లో ఊళ్లో ఉంది. తిరిగొచ్చాక ఎవరూ రిజిస్టరు చూసుకోలేదు. రక్తంలో యాంటీబాడీ రక్షణకు కావాల్సిన 10 కన్నా తక్కువే ఉంది. ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్), మూడో డోసు టీకా ఒంటి మీద వేర్వేరు చోట్ల ఇచ్చారు. రోగికి హెచ్‌ఐవీ లేదని తేలడంతో ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ చికిత్స కేంద్రం) డాక్టర్ రిపోర్టులు చూసి పెప్ ఆపేశారు.

ఇమ్యునోగ్లోబులిన్ ఖరీదు వేలల్లో. బిల్లు ఎవరు కట్టాలన్నది అప్పుడు లేచిన ప్రశ్న. "స్టూడెంట్ కదా, స్టాఫ్ కాదు, మా స్కీము వర్తించదు" అన్నది ఆఫీసు తొలి మాట. డ్యూటీ చేయించేటప్పుడు చేతులు లెక్కకొస్తాయి, గాయమైతే మాత్రం మనిషి లెక్కలోకి రాదు. ఇక్కడ వాదన చట్టం మీద నిలబెట్టాను. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు 2016 ఆసుపత్రి సిబ్బందికే కాదు, ఆ వ్యర్థాలను ముట్టుకునే ఇతరులకు కూడా హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలంటాయి. 2017 చట్టం కూడా ప్రమాదం ఉన్న చోట పనిచేసే వారందరికీ రక్షణ సామగ్రి, శిక్షణ, పెప్ ఇవ్వాలంటుంది. మూడో డోసు వేయకుండా వార్డుకు పంపింది సంస్థే కాబట్టి ఖర్చూ సంస్థదే. చివరికి ఆసుపత్రి కట్టింది.

ఇంట్లో చెప్పాలా? మా దగ్గర ప్రతిదీ ఇంటికి ఫోన్ చేసి చెప్పే అలవాటుంది. ఆమె మేజర్. "నాన్నకి తెలిస్తే చదువు మాన్పిస్తాడు మేడం" అంది. తండ్రికి ఫోన్ చేయకూడదనే నిర్ణయించాం. అలాగని ఆరు నెలల ఫాలోఅప్ ఒంటరిగా మోయమనడమూ న్యాయం కాదు. నీ తరఫున ఒక్క పెద్దమనిషిని నువ్వే ఎంచుకో అన్నాం. ఏఎన్‌ఎంగా పనిచేస్తున్న పెద్దమ్మ కూతుర్ని ఎంచుకుంది. ఆ అక్క రాగానే మేం గంటసేపు చెప్పిందానికన్నా ఎక్కువ ధైర్యం వచ్చిందామెకు.

పనిచేయనివి

వైద్యం సరిగ్గానే నడిచింది. సంస్థ ప్రతిస్పందన అలా లేదు.

మొదట సంజాయిషీ ఉత్తరం అడిగారు. ఆఫీసు కోణం నాకు తెలుసు. రేపు సూపరింటెండెంట్ అడిగితే ఫైలులో ఒక కాగితం ఉండాలి. కానీ ఆ అమ్మాయి రాసిన మొదటి వాక్యమే "నా అజాగ్రత్త వల్ల" అని. ఎవరూ చెప్పి రాయించలేదు. సంజాయిషీ అంటే తప్పు ఒప్పుకోవడమేనని అందరికీ తెలిసిందే కదా. ఆ ఉత్తరం అటెండర్, క్లర్క్, క్లాస్ కోఆర్డినేటర్ చేతులు మారి ప్రిన్సిపాల్ బల్ల మీదకు చేరింది. వారం తిరక్కుండా హాస్టల్లో ఆమెకు "ఎయిడ్స్" అన్న గుసగుస మొదలైంది. మెస్‌లో ఎవరో ఆమె స్టీలు కంచం అంచు మీద ఎర్ర నెయిల్‌పాలిష్‌తో చుక్క పెట్టారు, మిగతావాటిలో కలవకుండా. ఆమె ఆ చుక్కను గోటితో గీకి తీస్తుంటే రూమ్‌మేట్ చూసింది. మర్నాడు మళ్లీ చుక్క.

పెట్టినవాళ్లూ నర్సింగ్ విద్యార్థులే. హెచ్‌ఐవీ కంచం ద్వారా సోకదని పేపర్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే.

వెంటనే హాస్టల్లో అందరినీ కూర్చోబెట్టి క్లాసు పీకుదామన్న సూచన వచ్చింది. వద్దన్నాం. ఆ వారం ఆ విషయం మీద ఏ క్లాసు పెట్టినా వేలు ఆమె వైపే చూపించినట్టు. కంచాలన్నీ మార్చేసి ఒకే రకం తెప్పించాం. రక్తం ద్వారా సోకే జబ్బుల పాఠం అన్ని బ్యాచ్‌లకూ కలిపి, తర్వాతి నెల టైంటేబుల్లో మామూలు క్లాసుగా పెట్టాం. గుసగుస తగ్గింది, పూర్తిగా పోలేదు.

తర్వాత సర్క్యులర్ వచ్చింది. సూది గుచ్చుకుంటే తక్షణం క్లినికల్ ట్యూటర్‌కు తెలపాలి, దాచినవారిపై క్రమశిక్షణ చర్య తీసుకుంటాం అని. ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఒక్క రిపోర్టూ లేదు. సమీక్ష సమావేశంలో దాన్ని విజయంగా చదివారు. నాకు అనుమానం వచ్చింది. వార్డులు అవే, సూదులు అవే, వాడిన సూదిని కత్తిరించి పడేసే నీడిల్ కట్టర్ ఇంకా నర్సింగ్ స్టేషన్ బల్ల మీదే ఉంది. గాయాలు ఎలా ఆగిపోతాయి? పేరు రాయొద్దని తెల్ల చీటీలు పంచి ఒకటే ప్రశ్న అడిగాం: సర్క్యులర్ తర్వాత గుచ్చుకుందా, ఎవరికైనా చెప్పారా? గుచ్చుకుందన్న చీటీలు చాలానే వచ్చాయి. చెప్పామన్నది ఒక్కటీ లేదు. ఒక చీటీలో "చెప్తే రెండు దెబ్బలు, చెప్పకపోతే ఒకటే" అని ఉంది.

కౌన్సెలింగ్ కూడా విఫలమైంది. ఆమె మెంటర్, ఆమెకు క్లినికల్ మార్కులు వేసే ట్యూటర్, ఇద్దరూ ఒకరే. ఎన్నిసార్లు కూర్చోబెట్టినా "బాగున్నాను మేడం" తప్ప ఇంకో మాట రాలేదు. ఆ నెల మూల్యాంకన పత్రంలో అదే చేతితో "అజాగ్రత్త" అని రాసి మార్కులు తగ్గించి ఉన్నాయి. ఇక ఆ చేతికి మనసులో మాట ఎలా చెప్తుంది?

మార్కుల ప్రశ్న

దీని మీద మాలో మేం చాలా వాదించుకున్నాం. ఒక సీనియర్ సహోద్యోగి అడిగింది: "రేపు ఈ పిల్లే ఐసీయూలో ఉంటుంది. తప్పు చేసినా మార్కులు తగ్గించకపోతే రోగికి మనం చేస్తున్నది ఏమిటి?" అది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. నర్సింగ్ టీచర్‌కు ఇద్దరి పట్ల బాధ్యత ఉంటుంది. ఎదురుగా ఉన్న విద్యార్థి పట్ల, రేపు ఆ విద్యార్థి చేతిలో పడే రోగి పట్ల. చేతకాని మనిషిని జాలితో పాస్ చేయించడం కూడా అధర్మమే.

కానీ ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. సూదికి మూత పెట్టడం నైపుణ్యంలో తప్పు. దాన్ని దిద్దాలి, మళ్లీ చేయించి చూడాలి. చెప్పడం, చెప్పకపోవడం నమ్మకానికి సంబంధించినది. మొదటిదానికి మార్కులుండొచ్చు. రెండోదాన్ని మార్కులతో ముడిపెడితే ఎవరూ నోరు విప్పరు. అప్పుడు మొదటి తప్పు మనకు తెలియనే తెలియదు, దిద్దే అవకాశమే పోతుంది. అంటే రోగిని కాపాడాలన్నా ముందు విద్యార్థి భయం లేకుండా చెప్పగలగాలి. ఈ మాట దగ్గర ఆ సహోద్యోగి, నేను ఒక్కటయ్యాం.

ఇంకో సంగతి. ఆమె మూత ఎందుకు పెట్టింది? పాఠంలో వద్దని చెప్పాం. వార్డులో స్టాఫ్ అందరూ పెట్టడం ఆమె రోజూ చూసింది. కట్టర్ వార్డు ఆ చివర, ఆమె రోగి ఈ చివర. తెరిచి ఉన్న సూదిని ట్రేలో పెట్టుకుని, అటెండెంట్లు కిక్కిరిసిన వార్డులో అంత దూరం నడవడం కన్నా మూత పెట్టడమే క్షేమమని ఆమెకు తోచింది. "ఆయనకి హెపటైటిస్ ఉందని ముందే చెప్పుంటే జాగ్రత్తగా ఉండేదాన్ని కదా మేడం" అని కూడా అడిగింది. మంచి ప్రశ్నే. ఏ రోగికి ఏముందో ముందుగా ఎవరికీ పూర్తిగా తెలియదు. అందుకే ప్రతి రోగి రక్తాన్నీ ఒకేలా చూడమంటాం. కేస్ షీట్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించడం మొదలుపెడితే, స్టిక్కర్ లేనివాళ్ల దగ్గర అందరూ నిర్లక్ష్యంగా ఉంటారు. కంచం మీద ఎర్ర చుక్క ఎంత తప్పో కేస్ షీట్ మీద స్టిక్కరూ అంతే తప్పని చెప్పాను. ఆమెకు వెంటనే అర్థమైంది.

"అజాగ్రత్త" అన్న మాట కొట్టేయించాం. ఆమె ల్యాబులో ఆ ప్రొసీజర్ మళ్లీ చేసి చూపించింది, తర్వాత వార్డులో వేరే ట్యూటర్ పక్కనుండగా చేసింది. ఆ మార్కులే లెక్కలోకి తీసుకున్నాం.

పనికొచ్చినవి

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసిన మార్పు ఒకటే. గాయం గురించి చెప్పే చోటును, మార్కులు వేసే చోటు నుంచి విడదీశాం. ఇప్పుడు విద్యార్థి నేరుగా ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుకు ఫోన్ చేస్తుంది, ఏ వేళైనా సరే. ఆ సిస్టర్‌కు మా మార్కులతో, హాజరుతో ఏ సంబంధమూ లేదు. కాలేజీకి వచ్చే నెలవారీ నివేదికలో పేరుండదు. ఏ వార్డు, ఏ పరికరం, ఏ వేళ అన్నంత వరకే. ఫారంలో "ఇది జరగకుండా మీరేం చేసి ఉండాల్సింది?" అన్న గడి తీసేసి "దగ్గర్లో కట్టర్ ఉందా? పక్కన ఎవరైనా ఉన్నారా?" అన్న గళ్లు పెట్టాం. రక్తపరీక్షలకు వెళ్లిన గంటలు క్లినికల్ గంటల్లోనే కలుస్తాయి.

రిపోర్టులు వెంటనే పెరిగాయి. యాజమాన్యం కంగారుపడింది. చీటీలు చూపించి, గాయాలు పెరగలేదు, బయటపడుతున్నాయి అని వివరించాల్సి వచ్చింది. ఆ నివేదికల పుణ్యమా అని ఎక్కువ గాయాలు పొద్దుటి రక్తనమూనాల వేళే అవుతున్నాయని తేలింది. ఆ వేళకు కట్టర్, తెల్లటి గట్టి డబ్బా ఉన్న ట్రాలీ మంచం దగ్గరికే వెళ్లేలా చేశాం. టీకా మూడు డోసులూ పూర్తయి, యాంటీబాడీ పరీక్ష అయ్యాకే వార్డు పోస్టింగ్ అన్న నియమం వచ్చింది.

పుస్తకం విసిరిన ట్యూటర్ విషయం. ఆమెను అందరి ముందు నిలదీయాలన్న మాట వచ్చింది. ఆమె విద్యార్థికి చేసిందే మనం ఆమెకు చేస్తే ఏం మారుతుంది? తలుపేసుకుని ఇద్దరమే మాట్లాడుకున్నాం. ఆ రోజుల్లో ఆమె రెండు వార్డుల్లో పాతికమందికి పైగా పిల్లల్ని ఒక్కతే చూస్తోంది. కౌన్సిల్ చెప్పిన నిష్పత్తి పదిమందికి ఒక టీచర్. అరుపుకు అది సమర్థన కాదు, కారణం మాత్రం అవును. రెండో ట్యూటర్‌ను ఇచ్చాం. రోగి ఎదుట దిద్దాల్సి వస్తే చేయి ఆపి "ఆగు, నేను చేస్తాను" అనడం వరకే, మిగతా మాట డ్యూటీ రూములో అన్న పద్ధతికి ఆమె ఒప్పుకుంది. గొంతు ఇప్పటికీ పెద్దదే. పుస్తకాలు మాత్రం ఎగరడం లేదు.

ఇక ఆ అమ్మాయి. ఆరో నెల పరీక్షల్లో అన్నీ నెగెటివ్, యాంటీబాడీ కావాల్సినంత ఉంది. మెంటర్‌ను మార్చాక మూడోసారి కూర్చున్నప్పుడు కంచం సంగతి తనే చెప్పింది. అంతవరకూ మాకు చెప్పింది రూమ్‌మేటే. చదువు పూర్తయి ఇప్పుడు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్స్‌గా ఉంది.

ఇంకా మిగిలినవి

నైట్ డ్యూటీలో ట్యూటర్ ఉండరు, కాబట్టి రాత్రి గాయాలు ఇంకా కొన్ని దాగుతూనే ఉన్నాయని నా నమ్మకం. రాత్రి సూపర్‌వైజర్‌కు ఈ పద్ధతి నేర్పే పని సగంలో ఉంది. అంతకన్నా పెద్ద చిక్కు బయటి పోస్టింగులది. మానసిక వైద్యం, కమ్యూనిటీ హెల్త్ వంటి పోస్టింగులకు మా పిల్లలు వేరే సంస్థలకు వెళ్తారు. ఆ ఒప్పంద పత్రాల్లో ఫీజు, యూనిఫాం, హాజరు అన్నీ ఉంటాయి, విద్యార్థికి గాయమైతే ఎవరు చూడాలి, ఎవరు ఖర్చు పెట్టాలి అన్నది ఉండదు. ఈ ఏడాది పత్రాలు రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఆ క్లాజు చేర్చమని అడుగుతున్నాం. మొదటి మోతాదు గాయమైన చోటే ఇవ్వాలి, ఖర్చు కాలేజీది, పేరు రహస్యం. ఒక సంస్థ ఒప్పుకుని సంతకం పెట్టింది. ఇంకొకరు తమ లాయరును అడిగి చెప్తామన్నారు. వాళ్ల జవాబు వచ్చేదాకా ఆ పోస్టింగుకు పిల్లల్ని పంపడం ఆపాం.